తోక దగ్గర ఆగిన కుబుసం

అనంతరావు ఆ పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి రాణికి గోరువెచ్చని నీళ్లలో స్నానం, ఎనిమిదింటికి తడి గోనెలో చుట్టబెట్టడం, పదింటికి తాను దఫ్తరుకు పోవడం, మధ్యాహ్నం భోజనానికి వచ్చి ఇంకోసారి తడపడం, సాయంత్రానికల్లా కుబుసం ఊడిపోవడం. ఇందులో ఎక్కడా టెలిగ్రాము గానీ, పదహారు మంది ఆడవాళ్లు గానీ లేరు.

రాణి రెండు తలల పాము. నిజానికి దానికి ఉన్నది ఒక్క తలే. తోక కూడా తలలాగే మొద్దుగా ఉంటుంది కనుక లోకం ఆ పేరు పెట్టింది. మూడేళ్ల కిందట ఇరై నది ఒడ్డున ఓ గారడీవాడు దాని తోకకు సున్నంతో కళ్లు దిద్ది జనానికి చూపిస్తుంటే, అనంతరావు వాడితో గంటసేపు పోట్లాడి తెచ్చుకున్నాడు. రెండున్నర అడుగుల పొడవు, మణికట్టంత లావు. విషం లేదు, కోపం అసలే లేదు. చంద్రపూర్ బాబుపేట్‌లోని అనంతరావు ఇంటి అటక మీద ఇంకో పాము కూడా ఉండేది. అది జెర్రిపోతు. ఎలుకల మీద పహరా కాస్తుందని దానికి కొత్వాల్ అని పేరు. కొత్వాల్ వల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. రెండు మూడు నెలలకోసారి కుబుసాన్ని మేజోడు తిరగేసినట్టు ఒక్క ముక్కగా విడిచి, దూలానికి వేలాడేసి తన పని తాను చూసుకునేది.

రాణికి మాత్రం ఆ ఏడు కష్టమొచ్చింది. వానలు ముందే వెనుకబట్టాయి. గాలి పొడిబారింది. పది రోజుల కిందట దాని కళ్ల మీద పాలపొర కమ్మినప్పుడే ఇసుక పెట్టెలో తడిగుడ్డ పెట్టవలసింది, అనంతరావు మరిచిపోయాడు. మరిచిపోవడానికి కారణం దఫ్తరు. అది 1956 అక్టోబరు చివరి వారం. చంద్రపూర్‌ను అప్పుడు అందరూ చాందా అనేవారు. ఇంకో వారంలో ఆ జిల్లా మధ్యప్రదేశ్ నుంచి విడిపోయి బొంబాయి రాష్ట్రంలో కలవబోతోంది. దఫ్తరులోని కాగితాలు కొన్ని భోపాల్‌కు, కొన్ని బొంబాయికి. గుమాస్తాలు కూడా అంతే. ఎవరు భోపాల్ పోవాలో, ఎవరు ఉండాలో ఆ జాబితా ఇంకా బయటికి రాలేదు. రికార్డు గదికి పెద్ద అయిన అనంతరావు పగలంతా కాగితాలను గోనె సంచుల్లో కట్టిస్తూ, ఇంటికొచ్చి భోపాల్ చలికి రాణి బతుకుతుందా అని ఆలోచిస్తూ, ఆ రాణికే నీళ్లు పెట్టడం మరిచాడు.

ఇప్పుడు కుబుసం తల దగ్గర విడిచింది. నడుము దాటేసరికి ఎండి, తోకకు బిగుసుకుపోయింది. అలా వదిలేస్తే అది దారం కట్టినట్టు బిగిసి, తోక కొసకు నెత్తురు ఆడదు. కొస చచ్చిపోతుంది. గట్టిగా లాగితే కింద ఉన్న కొత్త చర్మం కూడా లేచొస్తుంది. మిగిలింది ఒకటే దారి. తడపడం, ఓపిక పట్టడం.

స్నానం దాకా పథకం బాగానే నడిచింది. అప్పుడు భార్య పద్మ కొత్త చీర కట్టుకుని గడప దగ్గర నిలబడింది.

"ఇగో, వింటున్నరా? నేను తుకుం వాడకు పోతున్న. రేపు లక్ష్మీబాయక్క బిడ్డకు సీమంతం గద, లడ్డూలు కట్టాలె. పొద్దుగూకినంకనే వస్త."

"మరి రాణికి నీళ్లెవరు చల్లుతరు? గంట గంటకు తడపాలె."

"మీరు తెచ్చిన నాడే చెప్పిన గద. వంటింట్లకు రానియ్య, చెయ్యి పెట్ట. ఆ రెండు షరతుల మీదనే అది గీ ఇంట్ల ఉన్నది."

"ఒక్క దినమే పద్మా."

"కొత్వాల్‌ను చూసి నేర్చుకొమ్మనుండ్రి," అని పద్మ చెప్పులు తొడుక్కుంది.

అందువల్ల రాణి ఆ రోజు తడి గోనెసంచిలో దఫ్తరుకు వెళ్లింది.

రికార్డు గదిలో అప్పటికే యాభై గోనె సంచులున్నాయి. యాభై ఒకటోదాన్ని అనంతరావు మూలకు, నీళ్లకుండ పక్కన పెట్టి, గాలి ఆడేలా మూతి వదులుగా కట్టాడు. ఎవరూ చూడలేదు. చూడకూడదు కూడా. ఎందుకంటే సరిహద్దు కాగితాలు చూడటానికి నాగపూర్ నుంచి వచ్చిన స్పెషల్ ఆఫీసరు వైరాగడే సాహెబు, స్నానాల గదిలో బల్లి కనిపించిందని ఒకే వారంలో రెండు బంగళాలు మారిన మనిషి.

పదిన్నరకు సాహెబు నుంచి కబురొచ్చింది. స్టేషనుకు సరిహద్దు పటాల పెట్టె వచ్చింది, అనంతరావే స్వయంగా వెళ్లి సంతకం పెట్టి తీసుకురావాలి. అప్పుడే వెళ్లాలి. బంట్రోతు రాయమల్లు చాయ్ తాగడానికి వెళ్లాడు. రాయమల్లు సిరొంచ వైపువాడు. జిల్లా మొత్తానికి దక్షిణపు కొసన, తోకలాగా గోదావరి ఒడ్డు దాకా సాగి ఉండే తాలూకా అది. అక్కడివాళ్లంతా తెలుగువాళ్లే. రాయమల్లు చిన్నప్పుడు మూడో తరగతి దాకా తెలుగు చదివాడు. దఫ్తరులో తెలుగు మాట్లాడేవాళ్లు పదిమంది ఉన్నా, సరిగా చదవగలిగేది అనంతరావూ అతనూ ఇద్దరే. తక్కినవాళ్లంతా మరాఠీ బడిలో పెరిగారు. రహస్యానికి ఇంతకన్నా మంచి తాళం ఏముంటుందని అనంతరావు ఓ చీటీ తెలుగులో రాశాడు. పాము అన్న మాట మాత్రం ఎక్కడా రాయలేదు.

"రాయమల్లూ, మూలకున్న సంచిలో మన ఆమె ఉన్నది. ఎవ్వలకు చెప్పకు. పాతది విడిచిపెట్టే టైము వచ్చింది. తల దిక్కు విడిచింది గాని తోక దిక్కు గట్టిగ అంటుకొని ఉన్నది. గుంజకు. గుంజితే నెత్తురొస్తది. గంటకోసారి తడుపు. తనంతట తానే బయటికొస్తది. పొద్దుగూకే లోపల నేనొచ్చి చూస్త. - అ."

చీటీని రాయమల్లు స్టూలు మీద పెట్టి వెళ్లిపోయాడు. అప్పుడే సంచి తడిపిన చెయ్యి కనుక మొదటి వరుసలో సిరా చెదిరింది. ఆ సంగతి అతను చూసుకోలేదు.

చీటీ రాయమల్లుకు దొరకలేదు. చిన్న గుమాస్తా ధనరాజ్‌కు దొరికింది. ధనరాజ్ ఇంట్లో తెలుగే మాట్లాడేవాడు. చదవడం మాత్రం బజారులో బోర్డులు చదివినంత. ఒకవేళ అనంతరావు భోపాల్ వెళ్తే రికార్డు గది కుర్చీ తనదే అని అతనికి తెలుసు. కానీ ఆ చీటీని సాహెబు దగ్గరికి తీసుకెళ్లడానికి అది కారణం కాదని, ఇది కేవలం కర్తవ్యమని దారిలో తనకు తాను రెండుసార్లు చెప్పుకున్నాడు.

"తెలుగులో ఉంది సార్. దఫ్తరు కాగితం మీద," అన్నాడు మరాఠీలో.

వైరాగడే సాహెబు కళ్లజోడు సర్దుకున్నాడు. సరిహద్దు గొడవల కాలం. ఏ తాలూకా ఎటు పోవాలని ఎవరు అర్జీ పెడతారో అని ఆయన నెలరోజులుగా ఎదురుచూస్తున్నాడు. ఒక్కరూ పెట్టలేదు. అది ఆయనకు కొంచెం చిన్నతనంగా కూడా ఉంది. "చదువు," అన్నాడు.

ధనరాజ్ వేలు పెట్టి కూడబలుక్కున్నాడు. "మూ... ల... మూలకున్న. స... ఏదో సున్న... చ... లో." చెదిరిన సిరాను వెలుతురుకు పట్టి చూశాడు. అతని ముఖం వెలిగింది. "సిరొంచలో సార్! మూలకున్న సిరొంచలో మన... ఇది తెలీడం లేదు... మన ఏదో ఉన్నది. ఎవ్వలకు చెప్పకు."

సాహెబు లేచి తలుపు మూసి వచ్చాడు. ఆ తర్వాత ప్రతి మాటా ఇటుక మీద ఇటుకలా పేరుకుంది. పాతది విడిచిపెట్టే టైము వచ్చింది. తల దిక్కు విడిచింది. అంటే ఉత్తరాన అంతా సిద్ధం. తోక దిక్కు గట్టిగా అంటుకుని ఉంది. తోక అంటే సిరొంచ కాక మరేమిటి? గుంజితే నెత్తురొస్తది.

"నెత్తురు," అన్నాడు సాహెబు మెల్లగా. "ఇంకా?"

"గంటకోసారి తడుపు. తెలుగులో చెయ్యి తడపడం అంటే లంచం సార్."

"గంటకోసారా!"

"తనంతట తానే బయటికొస్తది. కింద 'అ' అని సంతకం."

దఫ్తరులో 'అ'తో మొదలయ్యే పేరు ఒక్కటే. పదకొండూ పదికి నాగపూర్‌కు టెలిగ్రాము వెళ్లింది: సిరొంచ విడిపోవడానికి రహస్య యత్నం, నెత్తురు పారే అవకాశం, జాగ్రత్తగా గమనిస్తున్నాను. అది వెళ్లిపోయిన తర్వాత సాహెబుకు ఒక అనుమానం వచ్చింది. "ఆ తెలీని మాట ఏమిటో కనుక్కో. సరిగా చదవగలిగినవాళ్లు ఊళ్లో ఎవరున్నారు?"

ఊళ్లో తెలుగు పుస్తకం చివరి దాకా చదవగలిగిన మనిషి అంటే బట్టల దుకాణం లక్ష్మీబాయి. ధనరాజ్ చీటీకి నకలు దించి సాహెబు బల్ల మీద పెట్టి, అసలుదాంతో సైకిలెక్కి తుకుం వెళ్లాడు. లక్ష్మీబాయి ఇంటి నడవాలో ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని బేసన్ లడ్డూలు కడుతున్నారు. వాళ్లలో పద్మ కూడా ఉంది. ఆమె అటు తిరిగి కూర్చోవడంతో ధనరాజ్ చూడలేదు.

లక్ష్మీబాయి నెయ్యి చేతులు తుడుచుకుని, చీటీని దూరంగా పట్టుకుని అందరికీ వినపడేలా చదివింది. ఆమెకు ఆ చెదిరిన మాట సిరొంచలాగా కనిపించలేదు.

"మూలకున్న సందులో మన ఆమె ఉన్నది. ఎవ్వలకు చెప్పకు. పాతది విడిచిపెట్టే టైము వచ్చింది." ఆమె ఆగింది. "ఏంది ధనరాజ్, పాతోన్ని ఇడిచిపెట్టిందా ఆమె? తనంతట తానే బయటికొస్తదట! గీ పాడు చీటీ రాసినోడెవడు?"

"కింద 'అ' అని ఉన్నది అక్కా. మా దఫ్తరుల..." అంటూ అప్పుడు చూశాడు ధనరాజ్ పద్మను.

పదిహేను మంది ఆడవాళ్లు ఒక్కసారిగా పద్మ వైపు తిరిగారు. పద్మ చేతిలో సగం కట్టిన లడ్డూ ఉంది. చీటీ వింటున్నంతసేపూ ఆమెకు నవ్వు వచ్చింది. అంతలోనే నవ్వు ఆగిపోయింది. చీటీ ఇక్కడ ఉందంటే అది రాయమల్లుకు చేరలేదు. రాయమల్లుకు చేరలేదంటే రాణిని ఎవరూ తడపలేదు. పన్నెండు కావస్తోంది.

ఆమె లేచింది. "అయ్యో, అది సందు కాదక్కా, సంచి. ఆమె పాము!"

"అవ్ చెల్లె," అంది లక్ష్మీబాయి, ఆమె భుజం మీద చెయ్యి వేసి, కళ్లలో నీళ్లతో. "గసొంటిదాన్ని పామనే అనాలె. నడువు, మేం నీ ఎన్కనే ఉన్నం."

"నిజం పాము అక్కా!"

"నాకు తెల్వదా? నా ఈడుకు నేను ఎన్ని పాములను చూడలె!"

పద్మ చెప్పులు తొడుక్కుంది. చెప్పినకొద్దీ ఆలస్యం అవుతుందని గబగబా నడిచింది. ఆమె వెనక లక్ష్మీబాయి, ఆమె వెనక చేతులకు పచ్చటి పిండి అంటిన పద్నాలుగు మంది నడిచారు.

ఈలోగా అనంతరావు పటాల పెట్టె తీసుకుని దఫ్తరుకు తిరిగి వచ్చాడు. గుమ్మంలోనే సాహెబు గదికి రమ్మని కబురందింది. బల్ల మీద సాహెబు వేలు పెట్టి చూపించిన కాగితంలో, ధనరాజ్ దించిన తన చీటీ నకలు ఉంది. సాహెబు సంచి విప్పి రాణిని చూసేశాడనే అనుకున్నాడు అనంతరావు. ఇద్దరి మధ్యా మాట మరాఠీలో నడిచింది.

"ఇది మీరు రాసిందేనా?"

"అవును సార్. తప్పయింది. దఫ్తరులోకి తీసుకురాకూడదు."

"ఎంత కాలంగా నడుస్తోంది?"

"మూడేళ్లు సార్."

"మూడేళ్లు!" సాహెబు కలం తీశాడు. "ఎవరు పోషిస్తున్నారు?"

"నేనొక్కడినే సార్. ఇంట్లోనే. మా ఆవిడకు మొదటినుంచీ ఇష్టం లేదు."

"దీనికి తల ఎవరు?"

"సార్?"

"తల! తల!"

"అది కొంచెం కష్టం సార్. కొత్తవాళ్లకు తలేదో తోకేదో తెలీదు. రెండూ ఒక్కలాగే ఉంటాయి. శత్రువులను మోసం చెయ్యడానికే ఆ ఏర్పాటు."

సాహెబు కలం ఒక్క క్షణం ఆగి, మళ్లీ పరిగెత్తింది. "నెత్తురొస్తుందని రాశారు."

"తొందరపడితే వస్తుంది సార్. మెల్లగా, తడిపి, దానంతట అది విడిపోయేలా చూస్తే రాదు. ఇదివరకు పది పన్నెండుసార్లు విడిపోయింది, ఒక్క చుక్క నెత్తురు రాలేదు."

"పది పన్నెండుసార్లా! ప్రభుత్వానికి తెలియకుండా?"

"ప్రభుత్వం దాకా ఎందుకు సార్, ఒక్కోసారి నాకే తెలీదు. పొద్దున లేచి చూస్తే విడిపోయి ఉంటుంది."

సాహెబు నుదురు తుడుచుకున్నాడు. అప్పుడే గేటు దగ్గర కేకలు వినిపించాయి. ఆయన కిటికీలోంచి చూశాడు. చేతులన్నీ పచ్చగా ఉన్న ఆడవాళ్ల గుంపు ఒకటి లోపలికి వస్తోంది. ముందు నడుస్తున్న పెద్దావిడ అరుస్తోంది: "ఏదది? బయటికి తియ్యుండ్రి!"

"ఏమంటున్నారు?" అని అడిగాడు సాహెబు, సైకిలు తొక్కి తొక్కి రొప్పుతూ అప్పుడే లోపలికి వచ్చిన ధనరాజ్‌ను.

"బయటికి, అంటున్నారు సార్."

"చీటీలో ఉన్న మాటే," అన్నాడు సాహెబు.

పద్మ తలుపు తోసుకుని వచ్చింది. సాహెబును చూడనైనా చూడలేదు. "రాణేది?" అంది భర్తతో.

"రాణి కూడా ఉందా?" అన్నాడు సాహెబు.

"రాయమల్లు తడుపుతుండు గద," అన్నాడు అనంతరావు.

"ఏం తడుపుడు? చీటీ రాయమల్లుకు అందనే లేదు. లక్ష్మీబాయక్క ఇంట్ల పదహారు మంది ముంగట చదివిండ్రు!"

అనంతరావు రికార్డు గదికి పరిగెత్తాడు. మూలన కుండ ఉంది. సంచి లేదు. రాయమల్లు తలుపు దగ్గర తాడు పురి పెడుతున్నాడు.

"రాయమల్లూ, గీడ తడి సంచి పెట్టిన, ఏమైంది?"

"అదా రావుసాబ్? కుండ కారి తడిసిందనుకున్న. సర్కారీ కాగితాలు ఖరాబైతయని సాహెబు వరండాల ఎండకు పెట్టిన." రాయమల్లు మెచ్చుకోలు కోసం చూశాడు.

"ఎండకా!" అంది పద్మ.

వరండాలో సంచి అప్పడంలా ఎండి ఉంది. మూతి తెరుచుకుని ఉంది. లోపల ఏమీ లేదు. గచ్చు కాలుతోంది. అనంతరావు ఆ సంచి తిరగేసి, దులిపి, మళ్లీ తిరగేసి చూసి, మెట్టు మీద కూలబడ్డాడు. ఎండలో, సగం తోలుతో, పాకడమే సరిగా రాని జీవి. పైన కాకులు. పది రోజుల కింద ఓ తడిగుడ్డ, ఓ చెంబు నీళ్లు పెట్టి ఉంటే సరిపోయేది. భోపాల్ జాబితాలో తన పేరుందా లేదా అని ఆలోచించడానికి దొరికిన తీరిక దానికి దొరకలేదు. అతనికి కళ్లు మసకబారాయి. పద్మ అతని పక్కన నిలబడింది.

వెనక వచ్చిన సాహెబు మాత్రం కర్తవ్యం మరవలేదు. తప్పించుకున్న రాణిని పట్టుకోవాలి. "గేట్లు మూయించండి. ఆమె ఎలా ఉంటుందో చెప్పండి. ధనరాజ్, రాసుకో."

"గోధుమరంగు సార్," అన్నాడు అనంతరావు. "చిన్న కళ్లు. ఎవరినీ ఏమీ అనదు. మెల్లగా పోతుంది."

"ఎత్తు?"

"రెండున్నర అడుగులు."

ధనరాజ్ పెన్సిలు ఆగింది. సాహెబు క్షణం ఆలోచించి, "మరుగుజ్జు అని రాయి," అన్నాడు. ఇంకోపక్క లక్ష్మీబాయి బీరువాల వెనక, తలుపుల వెనక వెతుకుతూ, "ఎన్ని దినాలు దాక్కుంటవే?" అని పిలుస్తోంది.

సాహెబు గదిలోకి తిరిగి వచ్చి, ఆమె ఏ దారిన పారిపోయి ఉంటుందో చూడటానికి జిల్లా పటం కోసం చెయ్యి చాచాడు. వరండా తలుపు పక్కన, గోడవారగా నేల మీద ఉన్న పెద్ద పటం అది. గుడ్డ అతికించిన గరుకు పటం, చాపలాగా చుట్టి ఉంది. ఎప్పటికన్నా బరువుగా ఉన్నట్టు ఆయనకు తోచలేదు. బల్ల మీద పెట్టి, పై అంచు ఎడమ చేత్తో నొక్కిపట్టి, కుడిచేత్తో దొర్లించాడు. వరోరా విప్పుకుంది. చాందా విప్పుకుంది. అడవులు విప్పుకున్నాయి. చిట్టచివర సిరొంచ విప్పుకుంది. అక్కడ రాణి పడుకుని ఉంది.

"అరే బాప్‌రే!" అన్నది సాహెబు కాదు. అన్నది ధనరాజ్. అతను అప్పటికి బీరువా మీద ఉన్నాడు. ఎలా ఎక్కాడో తర్వాత అతనికే అర్థం కాలేదు. ఆడవాళ్లలో సగంమంది తలుపు అవతలికి, సగంమంది కుర్చీల మీదికి వెళ్లారు.

రాణి ఎవరినీ పట్టించుకోలేదు. మెల్లగా పటం పొడవునా పైకి సాగి, సాహెబు ఎడమ మణికట్టు చుట్టూ రెండు చుట్లు చుట్టుకుని ఆగిపోయింది. ఆయన చెయ్యి భయంతో చెమట పట్టి చల్లగా, తడిగా ఉంది. రాణికి పొద్దుటి నుంచీ కావలసింది అదే.

"కదలకండి సార్!" అనంతరావు ఒక్క అంగలో వచ్చాడు. "గుంజకండి! గుంజితే నెత్తురొస్తుంది."

సాహెబు ఆ మాట విన్నాడు. బల్ల మీది చీటీ నకలు వైపు చూశాడు. చేతి వైపు చూశాడు. ఆయన ముఖంలో ఒక్కొక్క వాక్యం తన అసలు అర్థంలోకి మారుకుంటూ పోవడం గదిలో అందరికీ కనిపించింది.

"తోక దిక్కు..." అన్నాడు బొంగురుగా.

"అవును సార్. గట్టిగా అంటుకొని ఉంది. చూశారా?"

పటం గుడ్డ గరుకు చాలా పని చేసింది. నడుము దాకా పాత తోలు విడిచి పొలుసులుగా రాలింది. తోక దగ్గర మాత్రం వేలెడు వెడల్పున, ఎండుటాకులాగా బిగిసి ఉంది. కొస అప్పుడే నల్లబడుతోంది. ఇక ఆగడానికి లేదు. రాయమల్లు చాయ్ కెటిల్లో వేడినీళ్లు తెచ్చాడు. కుండనీళ్లు కలిపి గోరువెచ్చగా చేశారు. అనంతరావు తువ్వాలు తడిపి రాణి నడుము కింద నుంచి చుట్టాడు.

"చెయ్యి బిగించకండి సార్. చెట్టుకొమ్మలాగా ఉండండి."

"ఎంతసేపు?"

"అరగంట."

వైరాగడే సాహెబు అరగంట చెట్టుకొమ్మలాగా ఉన్నాడు. పది నిమిషాలకు ఊపిరి పీల్చడం మొదలుపెట్టాడు. ఇరవై నిమిషాలకు ధైర్యం చేసి, బల్ల వైపున్న మొద్దు కొసను చూపించి, "ఇది నన్నే చూస్తోంది," అన్నాడు.

"అది తోక సార్. తల మీ చొక్కా చేతిలో ఉంది."

సాహెబు మళ్లీ ఊపిరి ఆపేశాడు.

తువ్వాలు కింద తోలు మెత్తబడింది. కానీ చివరి ఉంగరం అంచు లేవడం లేదు. అనంతరావు వేళ్లు మొద్దువి. రెండుసార్లు పట్టు జారింది. మూడోసారి అతను వెనక్కి చెయ్యి తీసుకున్నాడు. "నాతోని కాదు. చీరుకపోతది."

"జరుగుండ్రి," అంది పద్మ.

ఆమె చూపుడువేలికీ బొటనవేలికీ ఇంకా లడ్డూల నెయ్యి ఉంది. ముఖం పక్కకు తిప్పుకుని, కళ్లు సగం మూసుకుని, ఆ రెండు వేళ్లతో రాణి తోకను పట్టుకుంది. మూడేళ్లలో అదే మొదటిసారి. నెయ్యి అంచు కిందికి దిగింది. ఆమె తలవైపు నుంచి కొసవైపుకు మెల్లగా, గాజు ఎక్కించేటప్పుడు చెయ్యి నిమిరినట్టు నిమిరింది. ఉంగరం కదిలింది. ఇంకో నిమురుకు జారింది. చిన్న టోపీలాంటి ఎండుతోలు ఆమె అరచేతిలో పడింది. కింద తోక కొస నిగనిగలాడుతూ, కొంచెం ఎర్రబడి, ప్రాణంతో ఉంది.

రాణి సాహెబు చొక్కా చేతిలోంచి తల బయటపెట్టి ఒకసారి నాలుక ఆడించి, మళ్లీ లోపలికి పోయింది.

"గింత మెత్తగుంటదా," అంది పద్మ. తర్వాత చేతులు కడుక్కోవడానికి వెళ్లింది.

"పాముగాదు, పాముగాదు అనుకున్న, పామేనాయె!" అంది లక్ష్మీబాయి. ఆమె గొంతులో కొంచెం నిరాశ ఉంది. ఆ హడావిడిలో అసలు మనిషి పెరటి గుమ్మం గుండా జారుకుందని ఆమె ఆ తర్వాత చాలా కాలం చెబుతూ ఉండేది.

సాహెబు చెయ్యి విడిపించుకునేసరికి నాలుగైంది. ఎందుకో ఆయన తొందరపడలేదు. రాణిని అనంతరావుకు అందిస్తూ, "ఇప్పుడు దీన్ని ఎక్కడ పెడతారు? తడి చాలుతుందా?" అని కూడా అడిగాడు. అప్పుడే తంతి జవాను వచ్చాడు. నాగపూర్ నుంచి జవాబు.

సాహెబు చదివి కూర్చున్నాడు. ఆయన అప్రమత్తతకు ప్రభుత్వం సంతోషించింది. పరిస్థితి తీవ్రత దృష్ట్యా ఆయనే వెంటనే సిరొంచ వెళ్లి, తదుపరి ఉత్తర్వుల దాకా అక్కడే మకాం ఉండి, విడిపోయే యత్నాలను కనిపెట్టి ఉండాలి. వెంట తెలుగు బాగా చదవగల గుమాస్తాను తీసుకెళ్లాలి.

సాహెబు చూపు తన మీద పడగానే, బీరువా మీంచి దిగుతున్న ధనరాజ్ ఒక కాలు గాల్లో ఉండగా ఆగిపోయాడు.

అది పాము సార్ అని నాగపూర్‌కు తిరిగి టెలిగ్రాము ఇవ్వడానికి సాహెబు మూడుసార్లు కాగితం తీశాడు. మూడుసార్లూ చించేశాడు. ప్రభుత్వానికి రాజద్రోహం గురించి రాసినంత తేలిగ్గా మణికట్టు గురించి రాయడం కుదరదు. మర్నాడు పొద్దున ఆయనా ధనరాజూ బస్సెక్కారు. అల్లపల్లి అడవి దాటి, రెండు చోట్ల ఏరు దిగి నడిచి, మూడో రోజుకు సిరొంచ చేరారట. వెళ్లే ముందు సాహెబు జాబితాలో అనంతరావు పేరును భోపాల్ వరుసలోంచి కొట్టేసి, ఈయన చాందాలోనే ఉండటం, ఎవరికీ చీటీలు రాయకుండా ఉండటం ప్రభుత్వానికి అవసరం అని స్వదస్తూరీతో రాశాడు.

సిరొంచలో వైరాగడే సాహెబు ఎనిమిది నెలలు ఉన్నాడు. ఆ ఎనిమిది నెలల్లో అక్కడ ఏమీ జరగలేదు. జరగకపోవడానికి కారణం ఆయనేనని పైవాళ్లు తేల్చి, ఆయనకు ప్రమోషన్ ఇచ్చారు.